నలభై ఒక్క ఇళ్ళ సంతకాలు

నలభై ఒక్క ఇళ్ళ సంతకాలు పోయింది శనివారం సాయంత్రం. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, గాలికీ ఎగిరిపోలేదు. సౌనా పొయ్యిలో, అంటే ఆవిరి స్నానాల గది పొయ్యిలో, కాలిపోయాయి.

ఆ సంగతి తెలిసేసరికి ఐలీ టీచర్ తువ్వాలు చుట్టుకుని పై మెట్టు మీద కూర్చుని ఉంది. కింద ఆమె అక్క హెల్మీ గరిటెతో కాగిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తోంది. రాళ్ళు సుయ్యిమన్నాయి. ఆవిరి కప్పుకి తగిలి ఇద్దరి భుజాల మీదికీ మెల్లగా దిగింది. ఒంటికి ఆవిరి తగిలితే హెల్మీకి మాటలు వస్తాయి. ఆ సాయంత్రం ఆమె కాగితాన్ని మెచ్చుకుంది. ఈ వారం బడి కాగితం భలే ఎండిందనీ, ఒక్క అగ్గిపుల్లకే అంటుకుందనీ, చిన్న చిన్న ముక్కలుగా ముందే కత్తిరించి తేవడం మంచి ఆలోచనేననీ అంది.

"ఏ కాగితం అక్కా?" అంది ఐలీ.

"పసుపుపచ్చ సంచీలోది. మనకింకే సంచీ ఉందీ?"

ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రతి శనివారం ఐలీ దిద్దడం అయిపోయిన పరీక్ష కాగితాలు పసుపుపచ్చ సంచీలో తెచ్చి సౌనా ముందుగదిలో పెడుతుంది. హెల్మీ వాటితో పొయ్యి అంటిస్తుంది. కివిమా ఊరి పిల్లల తప్పొప్పులన్నీ చివరికి ఆ పొయ్యిలోకే చేరతాయి. శుక్రవారం బడి వదిలే వేళకి వాన పట్టుకుంది. సంతకాల కట్ట తడవకుండా ఇంటికి తేవడానికి చేతికందిన సంచీ అదొక్కటే.

కాగితాలు ఎప్పుడో బూడిదయ్యాయి. కాగిన సౌనాని మధ్యలో వదిలేసి లేచిపోవడం ఆ ఇంటావంటా లేదు.

"ఇంకో గరిటెడు పొయ్యి," అంది ఐలీ.

ఆ కాగితానిది పెద్ద కథేం కాదు. ఇంట్లో తుపాకీ ఉంటే తాళంలో పెట్టాలనీ, తూటాలు వేరేచోట తాళంలో ఉంచాలనీ, తాళంచెవులు పిల్లల చేతికి అందకూడదనీ తల్లిదండ్రులకు బడి ద్వారా రాసి తెలియజేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తెలియజేస్తే చాలు, సంతకాలు ఎవరూ అడగలేదు. కానీ ప్రిన్సిపాల్ విట్‌కోంబ్ వంతెన కింది మనిషి, అంటే పెద్ద వంతెనకి దక్షిణాన పుట్టి పెరిగినవాడు. అక్కడివాళ్ళు దేనికైనా చుక్కల గీత గీసి సంతకం పెట్టమంటారని కివిమాలో ఒక నమ్మకం ఉంది. ఆయన ఆ నమ్మకాన్ని నిలబెట్టాడు. "పై సంగతులు చదివాను" అని ఒక వాక్యం రాసి, కింద చుక్కల గీత గీసి, అక్కడికి కత్తిరించి పంపమన్నాడు. పంచే పని ఐలీకి అప్పజెప్పాడు. ఊళ్ళో సగంమంది తల్లిదండ్రులు నాలుగో తరగతి ఆమె దగ్గరే చదివారు గనుక ఆమె మీద కేకలు వెయ్యడానికి జంకుతారని ఆయన అంచనా.

రెండు రోజుల్లో అన్ని ఇళ్ళ నుంచీ ముక్కలు తిరిగొచ్చాయి. విహారయాత్ర అనుమతి కాగితాలకే మూడు వారాలు పట్టే ఊరది. ఐలీ పైనున్న నాలుగైదు మడతలు విప్పి చూసింది. ఒకాయన చుక్కల గీత వదిలేసి కాగితం అంచున నిలువుగా సంతకం చేశాడు. ఒకావిడ, పిలిచినందుకు సంతోషమనీ, కుటుంబమంతా వస్తున్నామనీ, బంగాళాదుంపల సలాడ్ తెస్తామనీ రాసింది. ఎవరూ చదవలేదని ఐలీకి అర్థమైపోయింది. మిగతావి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసేసింది.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. విట్‌కోంబ్ రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. జిల్లాలో నూటికి నూరు సంతకాలు తెచ్చిన మొదటి బడి మాదేనని ఆయన శుక్రవారమే జిల్లా ఆఫీసుకి రాసి ఉన్నాడు. వాళ్ళు మెచ్చుకుని, గురువారం సాయంత్రంలోగా ఆ సంతకాలు పంపితే మిగతా బళ్ళకి చూపిస్తామన్నారు. ఆ మర్నాడు శుక్రవారం, పదిహేనో తేదీ, దుప్పుల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు బడికి సెలవు. సెలవు ఇవ్వకపోయినా పిల్లలు రారు, టీచర్లూ రారు.

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

"అన్ని ఇళ్ళూ తిరగక్కర్లేదు ఐలీ గారూ. కాస్త కనిపెట్టి ఉండాల్సిన ఇళ్ళు ఐదున్నాయి. వాళ్ళవి మళ్ళీ తీసుకురండి. మిగతావాళ్ళు బాధ్యత తెలిసినవాళ్ళు, వాళ్ళ పేర్లు మనమే రాసి పంపుదాం."

ఐదు పేర్లూ పాత గని రోడ్డువే. అక్కడన్నీ చక్రాలు తీసేసి నిలబెట్టిన ట్రైలర్ ఇళ్ళు. మొదటి పేరు లోనీది, ఇంటిపేరు వాడ్నే. మంచు బళ్ళు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. అతని కూతురు జోసెట్ ఐలీ తరగతిలోనే ఉంది. మంగళ, గురువారాలు బడి వదిలాక ఐలీ ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదువుకుంటుంది. ఐదింటికి తండ్రి వచ్చి తీసుకెళ్తాడు.

ఈ ఐదు ఇళ్ళనీ ఎలా ఎంచారని అడిగింది ఐలీ. విట్‌కోంబ్ దాపరికం లేని మనిషి, వెంటనే చెప్పాడు. బడికి తరచూ ఆలస్యంగా వచ్చే పిల్లల జాబితాలోంచి తీశాడు.

"గని రోడ్డు బస్సు ఆలస్యంగా వస్తుంది," అంది ఐలీ. "ఆ రోడ్డు మీద మంచు అన్నిటికంటే ఆఖరున తీస్తారు."

"అయ్యుండొచ్చు. కానీ ఏదో ఒక పద్ధతి ఉండాలి కదండీ."

ఆమె ఆ జాబితాని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికే ఇచ్చింది. నలభై ఒక్క ఇళ్ళకీ వెళ్తానంది. బడి బోర్డు ఛైర్మన్ గారింటితో మొదలుపెడతానంది. విట్‌కోంబ్ ముఖం పాలిపోయింది. వేట సెలవయ్యాక సోమవారం హాజరు పిలిచినప్పుడు బళ్ళోని అరవై మూడుమంది పిల్లలూ పలకాలి. ఐలీకి కావలసింది అంతే. దానికి గని రోడ్డు ఐదు ఇళ్ళూ సరిపోవని ఆమెకి తెలుసు.

గది తలుపు మూసుకుపోకుండా అడ్డంగా పెట్టిన అట్టపెట్టె ఒకటుంది. అందులో తుపాకులకి వేసే తీగ తాళాలు ఉన్నాయి. ఊరికే పంచమని షెరీఫ్ ఆఫీసు వాళ్ళు సెప్టెంబరులో ఇచ్చి వెళ్ళారు. ఆ తాళాలు ఎవరూ అడగలేదు గానీ, తలుపుకి మాత్రం పెట్టె బాగా ఉపయోగపడింది. ఐలీ దాన్ని ఎత్తుకుంది. ఆమె వెనక తలుపు దభాలున మూసుకుంది.

తగలబెట్టింది తనే కాబట్టి కారు తనే నడుపుతానంది హెల్మీ. ఒక్క షరతు పెట్టింది. ఏ ఇంట్లోనూ కాఫీ వద్దనకూడదు. గడప తొక్కి కాఫీ తాగకపోతే అవమానం, ఏలకుల రొట్టె ముట్టకపోతే పగ. పోనీ గుమ్మం దగ్గరే సంతకం పెట్టించుకుందామంటే, గుమ్మం దగ్గర నిలబడి కాగితం ఇచ్చేవాళ్ళు పన్నులవాళ్ళే అంది. అంటే నాలుగు సాయంత్రాల్లో నలభై ఒక్క కప్పులు. ఐలీ గుండెకి అంత కాఫీ మంచిది కాదు, కానీ ఎవరి వంటింట్లోకైనా దారి కాఫీ ఒక్కటే. ఆ వారం ఊళ్ళో తుపాకులన్నీ ఉన్నది వంటిళ్ళలోనే.

ఛైర్మన్ హార్లన్ రౌటియో ఇంట్లో భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి ఐదు రైఫిళ్ళు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. హార్లన్ చేతులకి నూనె, భుజం మీద గుడ్డ. అతని భార్య డీనా రెండు గొట్టాల మధ్య ఖాళీ చూసి కప్పులు పెట్టింది. హార్లన్‌కి కలప అడితి ఉంది, పొడుగాటి పికప్ బండి ఉంది, గొంతు కూడా ఉంది. తుపాకుల సంగతి బడికెందుకన్నాడు. తాను భాగహారం నేర్చుకోకముందే గురి నేర్చుకున్నానన్నాడు.

"భాగహారం నువ్వింకా నేర్చుకోలేదు హార్లన్," అంది ఐలీ.

డీనా సింకు వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది. హార్లన్ గొంతు కాస్త తగ్గించాడు. తన ఇంట్లో ఉక్కు బీరువా ఉందన్నాడు. దానికి తాళం ఉందన్నాడు.

"తాళంచెవి ఎక్కడుందో ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకో ప్రాణికి తెలీదు టీచర్. డీనాకి కూడా తెలీదు."

బల్ల కింద ఆరేళ్ళ కూతురు బ్రిన్ రంగు పెన్సిళ్ళతో గుర్రానికి ఊదారంగు వేస్తోంది. తల ఎత్తలేదు.

"ఫ్రిజ్ మీద కాఫీ డబ్బాలో ఉంది," అంది. "మునుపు గోడ మీది దుప్పి కొమ్ముకి ఉండేది. అప్పుడు కుర్చీ అక్కర్లేకపోయేది."

హెల్మీ రొట్టెలో రెండో ముక్క అందుకుంది. ఎక్కువసేపు ఉండాల్సివస్తుందని ఆమెకి అర్థమైంది.

హార్లన్ డబ్బా దింపి తాళంచెవి తీసి అందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు. ఐలీని కూడా. ముప్ఫై ఆరేళ్ళ కిందట తన క్లాసులో బెంచీ ఎక్కి నిలబడ్డవాడి మాట మన్నించి ఆమె కళ్ళు మూసుకుంది. అడుగులు నడవాలోకి వెళ్ళాయి, ఏదో కిర్రుమంది, అడుగులు తిరిగొచ్చాయి.

"స్నానాలగది అలమారలో," అంది బ్రిన్ కళ్ళు మూసుకునే. "ఆ తలుపొక్కటే అలా అరుస్తుంది నాన్నా."

రెండోసారి హార్లన్ వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. కళ్ళు తెరవమన్నాక బ్రిన్ అతని బూట్ల కేసి చూసింది. మడమలకి మంచు, మంచు మీద రంపప్పొట్టు.

"షెడ్డు."

మూడోసారి హార్లన్ ఎక్కడికీ వెళ్ళలేదు. చొక్కా గుండీ తీసి, మెడలో శిలువ వేలాడే గొలుసుకే తాళంచెవి గుచ్చుకున్నాడు. షెడ్డులో చల్లబడి ఉన్న ఇనుము రొమ్ముకి తగలగానే ఒక్కసారి వణికాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం అందుకుని, నాలుగో తరగతిలో చదివినట్టే పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తూటాల దగ్గర ఆగి డీనా వైపు చూశాడు. తూటాలు పుట్టినరోజు కొవ్వొత్తుల సొరుగులో ఉన్నాయని ఈసారి చెప్పింది డీనా. అప్పుడు సంతకం పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, ఈ తతంగం బయట చెప్పొద్దన్నాడు. ఐలీ చెప్పనంది. హెల్మీని అతను అడగలేదు.

మంగళవారం సాయంత్రానికి ఊరంతా తాళంచెవులు దాచుకుంటోంది. అక్కచెల్లెళ్ళ కారు వీధి మలుపు తిరిగేలోపు ప్రతి ఇంట్లోనూ ఒక పరీక్ష జరిగిపోయి ఉండేది. పిల్లల్ని పిలిచి అడగడం, పిల్లలు చెప్పడం, తండ్రి నెత్తి గోక్కోవడం. కంగాస్ అనే ఆయన, లోపలి బట్టల సొరుగులో పెట్టాను, పిల్లలు అసహ్యించుకుని చెయ్యి పెట్టరన్నాడు. అసహ్యించుకున్న మాట నిజమేనట. పటకారుతో తీశామని చెప్పారు పిల్లలు. ఇంకో ఇంట్లో తండ్రి తాళంచెవిని చలిపెట్టెలో, నిరుటి దుప్పి మాంసం పొట్లాల అడుక్కి తోశాడు. ఆ పొట్లాలు పేర్చింది తనేనని కొడుకు గుర్తు చేశాడు. క్లాసులో పిల్లలు ఎవరి నాన్న తాళంచెవి ఎన్నిసార్లు దొరికిందో నల్లబల్ల మూల పట్టిక గీశారు. ఐలీ దాన్ని తుడిపించి, దొరికితే ఎవరికి చెప్పాలో మూడుసార్లు చెప్పించింది. తర్వాత అందరి పలకరింపులూ మారిపోయాయి. పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద మగవాళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకోవడం మానేసి, మీవాడు కనిపెట్టాడా అని అడుగుతున్నారు.

బుధవారం ఇంపీ లాహ్టి ఇంట్లో అసలు ఎవరూ కనిపెట్టలేకపోయారు. ఎనభై రెండేళ్ళ ఇంపీ ఇద్దరు మునిమనవరాళ్ళని పెంచుతోంది. టీచర్ వస్తుందని విని పొద్దున్నే బీరువా తాళంచెవి ఎవరికీ దొరకని చోట దాచింది. మధ్యాహ్నానికి ఆ చోటు ఆమెకే గుర్తులేదు. పరుపులు తిరగేసి ఉన్నాయి, పిండి డబ్బా ఖాళీ చేసి ఉంది, ఆమె అల్లుడు వేటకి ఇంక ఒక్క రోజుందనగా చావింట్లో కూర్చున్నట్టు మెట్ల మీద కూర్చున్నాడు. ఇంపీ ఒక్కతే ప్రశాంతంగా కాఫీ వంచింది. ఈ జిల్లాలో ఇంత భద్రంగా ఇంకెవరు పెట్టారో చూపించమంది. కాగితంలో రాసినదానికంటే ఎక్కువే చేశారని హెల్మీ ఒప్పుకుంది. ఇంపీ గొలుసుకట్టు అక్షరాలతో, పూర్తి పేరు, పుట్టింటి పేరుతో సహా సంతకం చేసింది.

గురువారానికి ముప్ఫై ఆరు ముక్కలయ్యాయి. అట్టపెట్టెలో అడుగు కనిపిస్తోంది. ఐలీకి కాఫీ వల్ల రెండు రాత్రులుగా నిద్ర సరిగా లేదు, కానీ నడకలో ఏదో హుషారు వచ్చింది. ఫిబ్రవరిలో భర్త పోయాక ఆమె ఇన్ని ఇళ్ళకి వెళ్ళడం ఇదే మొదటిసారి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోవడం తగ్గిందని హెల్మీ గమనించింది.

ఆ రోజు చదువు తొందరగా ముగించి జోసెట్‌ని కూడా కారులో ఎక్కించుకుని గని రోడ్డుకి వెళ్ళారు. నాలుగు ఇళ్ళలో పని తొందరగానే తెమిలింది. రెండిళ్ళలో తుపాకులే లేవు. ఆఖరిది లోనీ ఇల్లు. చెక్క మెట్ల పక్కన పాడైపోయిన పొడుగాటి చలిపెట్టె ఒకటుంది. దాని చుట్టూ మంచు బండిని లాగే గొలుసు రెండు చుట్లు, గొలుసుకి అరచెయ్యంత తాళం.

లోనీ చేతులు కడుక్కుని వచ్చాడు. గోళ్ళ చుట్టూ నలుపు మాత్రం పోలేదు. ముప్ఫై మూడేళ్ళవాడు. ఐలీ క్లాసులో ఉన్నప్పుడు రోజుకి రెండు మాటలు మాట్లాడితే ఎక్కువ. రైఫిల్ ఆ చలిపెట్టెలో ఉందన్నాడు. తాళంచెవి తన నడుముకున్న గుత్తిలో ఉంది, షాపుకి వెళ్ళినా అదీ తనతోనే వస్తుంది. తూటాలు ఎనిమిది మైళ్ళ అవతల తన తల్లి ఇంట్లో ఉన్నాయి. వేటకి పోయే ముందు అక్కడికెళ్ళి తెచ్చుకుంటాడు. హెల్మీ అలవాటు కొద్దీ జోసెట్ వైపు తిరిగి, ఏమే, నువ్వు తియ్యగలవా అని అడిగింది. జోసెట్ బూట్లు విప్పుకుంటూ, నాన్న నిద్రపోయినప్పుడు ఒకసారి గుత్తి లాగి చూశాననీ, లేచి తిట్టాడనీ చెప్పింది.

ఐలీ కాగితం ముందుకు జరిపింది. ఇక్కడ అడగాల్సిందేమీ మిగల్లేదు.

"మళ్ళీ చదివే పెడతాను టీచర్, ఏమీ అనుకోకండి," అన్నాడు లోనీ. రెండు వైపులా చదివాడు. పెన్ను మూత తీసి ఆగాడు. "మొన్నటి ముక్క వెనక ఒక ప్రశ్న రాశాను. జవాబొస్తుందేమోనని చూశాను."

"అవి కాలిపోయాయి లోనీ."

"విన్నాను. కాలింది శనివారం కదా. మీ చేతికి గురువారమే వచ్చింది. చదివే ఉంటారనుకున్నా."

హెల్మీ సంజాయిషీ మొదలుపెట్టబోయింది. ఐలీ చెయ్యెత్తి ఆపింది.

"చదవలేదు," అంది. "లెక్కపెట్టాను."

లోనీ తలూపాడు. ఆ మాటకి ఆశ్చర్యపోయినట్టు లేడు. కప్పు పక్కకి జరిపి, జరిపిన చోటి తడిని వేలితో తుడిచాడు.

"ఏం రాశావు?"

"బాగోదేమోనని మూడుసార్లు కొట్టేశాను. మీకు బళ్ళో చదివే పిల్లలు లేరు కదా, మీ ఇంటికి కాగితం రాదు. జోసెట్ వారానికి రెండు రోజులు మీ ఇంట్లో ఉంటుంది. అందుకని." అతను బల్ల కేసి చూస్తూ మిగతాది చెప్పాడు. "రస్సెల్ గారి రైఫిల్ ఎక్కడుంది టీచర్? అదీ నేను రాసింది."

ఐలీ భర్త రస్సెల్ పోయి తొమ్మిది నెలలైంది. ఈ నాలుగు రోజుల్లో నలభై వంటిళ్ళలో కూర్చుంది ఐలీ. అందరూ ఆయన్ని తలుచుకున్నారు, మంచి మాటలన్నారు, రొట్టె కట్టి ఇచ్చారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనని తాను అడుక్కోలేదు. పెరటి తలుపు వెనక కొక్కేనికి ఆయన ఉన్ని కోటు ఉంది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది కోటునే. కోటు కింద గోడకి ఆనించి ఉన్నదాన్ని తుపాకీ అనుకోవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలీదు.

"పెరటి తలుపు వెనక," అంది. "కోటు కింద."

"నాకు తెలుసు," అంది జోసెట్, రెండో బూటు తాడు ముడి విప్పుతూ. "నా జాకెట్ పక్క కొక్కేనికే కదా పెడతాను. నేను ముట్టుకోలేదు టీచర్."

లోనీ చుక్కల గీత మీద సంతకం పెట్టి, ముక్క జాగ్రత్తగా కత్తిరించి ఐలీ చేతికిచ్చాడు. ఆమె దాన్ని ముందూ వెనకా తిప్పి చదివింది. ఈసారి వెనక ఏమీ లేదు. విట్‌కోంబ్ జాబితాలో తప్పిపోయిన ఇల్లు ఒకటి నిజంగానే ఉందని అప్పుడు తోచిందామెకి.

"అడిగి మంచిపని చేశావు," అంది లేస్తూ. "జవాబు రాసి పంపుతాను. అంతదాకా జోసెట్‌ని మా ఇంటికి పంపకు. చదువుకి నేనే ఇక్కడికొస్తాను."

ముక్కలు విట్‌కోంబ్‌కి అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి ఏడైంది. అక్కచెల్లెళ్ళిద్దరూ పెరటి తలుపు దగ్గర నిలబడ్డారు. కోటు కొక్కెం మీంచి తీయకుండా రైఫిల్ బయటికి తియ్యాలంది ఐలీ. ఎందుకని హెల్మీ అడగలేదు. కోటు రెండు భుజాలూ పట్టుకుని, ఎవరో పొడుగాటి మనిషితో నాట్యానికి లేచినట్టు, గోడకి దూరంగా ఎత్తి పట్టుకుంది. చేతులు లాగేస్తున్నాయి, తొందరగా కానివ్వమంది. ఐలీ కింది నుంచి వంగి రైఫిల్ తీసి, గొట్టం నేలకి వంచి, వెనక కమ్మీ లాగి చూసింది. లోపల తూటా లేదు. వేలు పెట్టి ఇంకోసారి చూసుకుంది. పెట్టెలో మిగిలిన తాళాల్లో ఒకటి తీసి తీగ దూర్చి బిగించింది. తాళంచెవి హెల్మీ చేతిలో పెట్టబోతే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకివ్వకే తల్లీ. పొయ్యిలో వేస్తాను."

ఐలీ నవ్వింది. నవ్వి, అక్కడే బూట్లు విప్పుకునే బల్ల మీద కూర్చుండిపోయింది. హెల్మీ కోటు చేతులు సరిచేసి పక్కన కూర్చుంది. కాసేపటికి, మరి తూటాలేవి అని అడిగింది. ఆయనెక్కడ పెట్టేవాడో ఐలీకి తెలీదు. రస్సెల్ జాగ్రత్త మనిషి. ఎక్కడో పెట్టే ఉంటాడు.

శుక్రవారం తెల్లారుతూనే అడివిలో తుపాకులు వినిపించడం మొదలైంది. ఐలీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని లోనీకి జవాబు రాసింది. రైఫిల్‌కి తాళం వేశాననీ, తాళంచెవి తన దగ్గరే ఉందనీ, తూటాల సంగతీ రాసింది. మొదట "దొరకలేదు" అని రాసి, కొట్టేసి, "వెతకలేదు" అని దిద్దింది.

జిల్లా ఆఫీసు నుంచి లెక్క సరిపోయిందని ఫోన్ వచ్చింది. సోమవారం హాజరు పిలిస్తే అరవై మూడుమందీ పలికారు. హార్లన్ మెడ మీద గొలుసు ఒరుసుకుని ఎర్రటి గీత పడిందట, బ్రిన్ అందరికీ చెప్పింది. మంగళవారం ఐలీ పుస్తకాలు పట్టుకుని గని రోడ్డుకి వెళ్ళింది. తిరిగొచ్చాక తమ షెడ్డులో తూటాలు వెతకడం మొదలుపెట్టింది. రస్సెల్ పనిబల్లకి ఐదు సొరుగులున్నాయి. నాలుగింటిలో మేకులు, గాలాలు, అరిగిపోయిన పెన్సిళ్ళు, ఆమె ఎప్పుడో రాసి పెట్టిన సరుకుల చీటీలు ఉన్నాయి. ఐదోది ఆమె ఇంకా తెరవలేదు.